భయభక్తుల పాఠాలు – 4: నలుగురిలో పైకి ప్రార్థన చేయడం

పోయిన పాఠంలో మందిరానికి వచ్చే తీరు చూశాం. ఆరాధన మొదలవకముందే వచ్చి కూర్చోవడం, ఫోన్ ఆపడం, వాక్యం చదువుతున్నప్పుడు పక్కవాళ్లతో మాట్లాడకపోవడం. అవి ఒకటి రెండు వారాల్లో అలవాటైపోతాయి. ఈ పాఠం నోటి గురించి. ఇది అంత తొందరగా పట్టుబడదు కాబట్టి నెల రోజులైనా దీని మీదే ఉండండి, పర్వాలేదు.

గాజువాకలోనో మధురవాడలోనో ఒకరింట్లో సాయంత్రం కుటుంబ ప్రార్థన జరుగుతుంటుంది. పాట అయ్యాక పాస్టర్ గారు మీ వైపు తిరిగి, "బ్రదర్, మీరు ప్రార్థన చేయండి" అంటారు. ఆ టెన్షన్‌లో నోటికి ఏ మాట దొరికితే అది వచ్చేస్తుంది. మనలో చాలామందికి దొరికేది "ప్రభువా". "స్తోత్రం ప్రభువా, ఈ సాయంకాలం ప్రభువా, మమ్మల్నందరినీ ప్రభువా, ఇక్కడ చేర్చావు ప్రభువా..." తర్వాత ఏం చెప్పాలో తట్టేదాకా ఆయన పేరుతో ఖాళీ నింపుతున్నామన్నమాట. దేవుని నామాన్ని వ్యర్థంగా పలకకూడదన్న ఆజ్ఞ నిర్గమకాండం 20వ అధ్యాయంలో ఉంది. అది అబద్ధపు ఒట్లు పెట్టుకునేవాళ్లకు చెప్పిందని మనం పక్కన పెట్టేస్తాం. నా మట్టుకు నాకు, అది ముందు తగలాల్సింది ప్రార్థన చేసే నోటికే.

మత్తయి 6వ అధ్యాయంలో యేసు నేర్పిన ప్రార్థన తీసి చూడండి. (ఆ సువార్తను తెలుగులో అచ్చుకు సిద్ధం చేసే పని మొదలైంది మన విశాఖపట్నంలోనే. 1805లో ఇక్కడికి వచ్చిన లండన్ మిషన్ వాళ్లు జార్జి క్రాన్, డెస్ గ్రాంజెస్ దాన్ని చేపట్టారు.) అందులో "మా తండ్రీ" అన్న పిలుపు మొదట్లో ఒక్కసారే వస్తుంది. పిలిచాక ఇక చెప్పాల్సింది చెప్పడమే. అడిగినవన్నీ అడిగాక కూడా మళ్లీ పిలవడం కనిపించదు. దానికి కాస్త పైనే, అన్యజనుల్లా మాటలు పెంచవద్దని ఆయన హెచ్చరించాడు కూడా. కర్మెలు కొండ మీద జరిగిందీ ఇలాంటిదే. బయలు అనే దేవతను కొలిచే 450 మంది ప్రవక్తలు పొద్దున్నుంచి ఒకే కేక వేశారు. దేవుని ప్రవక్త ఏలీయా ప్రార్థన మాత్రం రెండు వచనాల్లో అయిపోయింది.

అలాగని ఒకే మాట మళ్లీ అనడమే తప్పని అనుకోకండి. 136వ కీర్తనలో ఉన్న 26 వచనాల్లోనూ ఒకే పల్లవి ఉంది. గెత్సేమనేలో యేసు మూడోసారి కూడా అవే మాటలతో ప్రార్థించాడు. హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు, 2014 అక్టోబరు 12, ఆదివారం. తలుపులు ఊడిపోతాయేమో అన్నంత గాలిలో "ప్రభువా, ప్రభువా" అని అరిచినవాళ్లు నామాన్ని వ్యర్థం చేయలేదు. నీళ్లలో మునుగుతూ పేతురు చేసిన ప్రార్థన కూడా అంతే కదా, మూడు మాటలు. అక్కడ పిలుపే ప్రార్థన. మనం సరిచేసుకోవాల్సింది మాటలు దొరక్క పిలిచే పిలుపును.

దీనికి అభ్యాసం చెబుతాను. ప్రార్థనను ఫోన్‌లో రికార్డు చేసుకుని వినమని కొందరు అంటారు. నేను చెప్పను. వినేది దేవుడా, ఫోనా అన్న ధ్యాసలో పడిపోతాం. దానికి బదులు రాత్రి ఇంట్లో ఎవరూ లేని చోట ఒక కాగితం మీద ఐదు వాక్యాల ప్రార్థన రాయండి. మొదటి వాక్యంలో మాత్రమే ఆయన్ని పిలవండి. రాసింది నెమ్మదిగా పైకి చదవండి. "ప్రభువా" అని నోరు జారబోయిన ప్రతిచోటా నోరు మూసుకుని ఒక ఊపిరి తీసుకోండి. ఆ రెండు క్షణాల నిశ్శబ్దం మొదట్లో చాలా ఇబ్బందిగా ఉంటుంది, ఏదో మర్చిపోయినట్టు. అలవాటవనివ్వండి. మూడు నాలుగు రాత్రులయ్యాక కాగితం పక్కన పెట్టి చేయండి.

మలాకీ 1వ అధ్యాయంలో దేవుడు ఒక మాట అడుగుతాడు: గుడ్డివీ కుంటివీ నాకు తెస్తున్నారు కదా, వాటిని మీ అధికారికి ఇచ్చి చూడండి, ఒప్పుకుంటాడా? సోమవారం మహారాణిపేటలో కలెక్టరాఫీసు గ్రీవెన్సుకు వెళ్లేవాళ్లు ఆటోలోనే నాలుగు ముక్కలు అనుకుంటూ వెళ్తారు. ఏం అడగాలో తెలియకుండా లోపలికి వెళ్లరు. పాస్టర్ గారు పిలిచాక ఒక నిమిషం తల వంచుకుని ఊరుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు. అనుకున్నా నష్టం లేదు.

ఇక రెండో సంగతి, ఎవరితో మాట్లాడుతున్నాం అన్నది. "ప్రభువా, ఈ శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంది, అందరూ పదింటికల్లా రావాలి, టిఫిన్ ఇంట్లో తినేసి రాకూడదు..." ఇది ప్రకటన. దేవుడు టిఫిన్ చేసి రాడు. "ఆలస్యంగా వచ్చేవారి మనసు మార్చు తండ్రీ" అన్నది వెనక వరుసలో కూర్చున్న సుబ్బారావు గారికి తగలాలని. లూకా 18లో పరిసయ్యుడి ప్రార్థన కూడా ఇంతే. ముఖం దేవుడి వైపు, మాటలు పక్కన నిలబడ్డ సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) మీద. ఎవరికైనా చెప్పాల్సింది ఉంటే ప్రార్థన అయ్యాక టీ తాగుతూ చెప్పండి.

అన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి ఉంది. "ఫలానా చెల్లి గారి భర్త తాగుడు మానాలి, వాళ్ల అమ్మాయి సంబంధం తప్పిపోయింది ప్రభువా" అని వివరంగా ప్రార్థిస్తాం. ఆ చెల్లి మనల్ని నమ్మి చెప్పింది. పైగా మైకు ఉంటే వీధి మొత్తం వింటుంది. దేవునికి ఆ ఇంటి సంగతి మనకన్నా ముందే తెలుసు, ఆయనకు వివరాలు అక్కర్లేదు. ఆయన స్వరూపంలో ఉన్న మనిషి పరువు తీస్తూ ఆయన్ని గౌరవించడం కుదరదు. "మా మధ్య ఉన్న ఒక కుటుంబం" అంటే చాలు.

మైకు గురించి కూడా ఒక మాట. రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదని చట్టమే ఉంది. పగలు కూడా, పై అంతస్తులో స్టీల్ ప్లాంటు నైట్ షిఫ్టు చేసి వచ్చి పడుకున్నాయన ఉండొచ్చు. పదిమంది కూర్చున్న హాల్లో మైకు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మోకాళ్లా, నిలబడడమా, చాప మీద కూర్చోవడమా అంటే మీ సంఘం పద్ధతే మీ పద్ధతి. సొలొమోను చేతులు చాపి, మోకాళ్ల మీద ప్రార్థించాడు. హన్నా పెదవులు మాత్రమే కదిలాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు కుర్చీలో కూర్చోండి.

ఇప్పుడు అన్నీ కలిపి ఒక నమూనా. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లకు వేట నిషేధం. అది ముగిసే రాత్రి జాలరిపేటలో ఒక ఇంట్లో మిమ్మల్ని ప్రార్థించమన్నారనుకోండి.

"మా తండ్రీ, సముద్రం నీది, నువ్వే దాన్ని చేశావు. వేట లేని ఈ రెండు నెలలు ఈ ఇంటిని పోషించావు, నీకు స్తోత్రాలు. ఈ రాత్రి బోటెక్కే మా తమ్ముళ్లను క్షేమంగా ఒడ్డుకు చేర్చు. ఇంటి అవసరాలకు సరిపడా వేట దయచేయి. ఎదురుచూసే ఆడవాళ్లకు ధైర్యం ఇవ్వు. యేసు నామంలో అడుగుతున్నాం, ఆమేన్."

అర నిమిషం కూడా పట్టదు. మొదటి వాక్యం 95వ కీర్తనలోది. స్తుతికి మన మాట దొరకనప్పుడు కీర్తనల్లోంచి తీసుకోవడంలో తప్పేమీ లేదు. ఆ ఇంటికి అప్పు ఉందని మీకు తెలిసినా, దాన్ని ఇందులో పెట్టకపోవడం గమనించండి. స్తుతి కూడా ఆ ఇంట్లో నిజంగా జరిగినదాని గురించే. "సమస్త మేలుల కొరకు" అన్నదానికంటే ఆ ఇంటివాళ్లు దీనికే గట్టిగా ఆమేన్ అంటారు.

ఈ వారం పని: ఇలాంటివే మూడు ప్రార్థనలు రాయండి. కేజీహెచ్‌లో ఆపరేషన్‌కు వెళ్తున్న పెద్దాయన కోసం ఒకటి, ఉద్యోగం పోయిన కుర్రాడి కోసం ఒకటి, మీకు నచ్చని ఒక మనిషి కోసం ఒకటి. మూడోది రాసేటప్పుడు అది ఆయన మీద ఫిర్యాదుగా మారుతోందేమో చూసుకోండి. మారితే కొట్టేసి మళ్లీ రాయండి.

తర్వాతి పాఠం ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన) దగ్గరికి రావడం గురించి. దానికి ముందు 1 కొరింథీయులు 11వ అధ్యాయం 17వ వచనం నుంచి చివరిదాకా రెండుసార్లు చదివి ఉంచండి. అక్కడ ఆకలితో ఉన్నవాళ్లు ఎవరో, ముందే తినేసినవాళ్లు ఎవరో రాసుకుని రండి.