లోరెన్ నాణేన్ని గుర్తుపట్టాలంటే

యూరప్ పాత నాణేలు సేకరించేవారికి చిన్న చిట్కా. డాలు మీద ఏటవాలు పట్టీ, అందులో ముక్కూ కాళ్ళూ లేని మూడు చిన్న గద్దలు కనిపిస్తే అది లోరెన్ డ్యూకుల చిహ్నం. ఫ్రాన్సుకూ పవిత్ర రోమన్ సామ్రాజ్యానికీ మధ్య నలిగిన రాజ్యమది. అయితే గద్దలను చూసి ఊరుకోకుండా సంవత్సరం కూడా చూడండి. 1670 నుంచి 1697 వరకు లోరెన్ ఫ్రెంచి సైన్యం చేతిలో ఉంది. రిస్విక్ సంధితో దాన్ని తిరిగి పొందిన డ్యూక్ లియోపోల్డ్ పేరుతో వెండి, బంగారు నాణేలు మళ్ళీ వచ్చాయి. వాటిపై ఆయన జెరూసలేం రాజు కూడా! వంశంలో మిగిలిన ఉత్త బిరుదే లెండి.

అసలు తికమక 1737 తర్వాత. ఆయన కొడుకు ఫ్రాన్సిస్ లోరెన్‌ను వదులుకుని ఇటలీలోని టస్కనీ తీసుకున్నాడు, 1745లో పవిత్ర రోమన్ చక్రవర్తి అయ్యాడు. కానీ గద్దలను వెంట తీసుకుపోయాడు. పక్కనే టస్కనీని అంతకుముందు ఏలిన మెడిచీ వంశం గుర్తయిన గుండ్రని బంతులు కూడా ఉంటే అది లోరెన్‌లో ముద్రించినది కాదు. ‘లోరెన్ నాణెం’ అని అమ్మేవారు చెప్పే ధర ఇవ్వకండి. లోరెన్ శిలువగా పేరుపడ్డ రెండు అడ్డగీతల శిలువను మాత్రం నమ్ముకోవద్దు, హంగరీ నాణేల మీదా అదే ఉంటుంది.