పిల్లోణ్ణి చెస్ టోర్నమెంటుకు తోలుకుపోయే ముందు

కర్నూలు సి.క్యాంపులో నాది జెరాక్స్ షాపు. సాయంత్రం ఆరు దాటినాక మిద్దె మీద గదిలో పదిమంది పిల్లలకు చెస్ చెప్తా. టోర్నమెంట్ల కాలం వచ్చిందంటే నాకు రెండు చోట్లా తెలిసిపోతుంది. పైన పిల్లలు పెరుగుతారు, కింద బర్త్ సర్టిఫికెట్ల జెరాక్సులు పెరుగుతాయి. "అన్నా, మావాడు ఇంట్లో అందర్నీ ఓడిస్తుండాడు, టోర్నమెంటుకు పంపచ్చా?" అని ఎవరో ఒకరు అడగని వారం ఉండదు. పంపచ్చు. కానీ వాళ్ల నాయన ఎత్తు వెనక్కి తీసుకోనిచ్చినట్టు అక్కడ ఎవరూ తీసుకోనివ్వరు. గడియారం ఉంటుంది, ఆర్బిటర్ (క్రికెట్లో అంపైర్ లాంటోడు) ఉంటాడు. ఆ తేడా పిల్లోనికి హాల్లోకి పోకముందే తెలియాలి.

ముందు ఆ సర్టిఫికెట్టే చూసుకోండి. మన దేశంలో వయసు విభాగాలు అండర్-7, 9, 11, 13, 15, 17, 19 అని ఉంటాయి. స్కూల్ గేమ్స్ లెక్క వేరు, అక్కడ 14, 17, 19. చెస్ విభాగాలకు జనవరి 1 నాటి వయసే లెక్క. అంటే 2026లో అండర్-9 ఆడాలంటే 2017 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టుండాలి. 2016 డిసెంబరు 31న పుట్టిన పిల్ల అండర్-11కు పోవాల్సిందే. ఒక్కరోజు ముందు పుట్టిన పాపానికి తనకంటే రెండేళ్లు పెద్దోళ్లతో ఆడాలి. ఆధార్‌లో ఒక తేదీ, సర్టిఫికెట్లో ఇంకో తేదీ ఉన్న పిల్లల్ని నా షాపులోనే ఎంతోమందిని చూసినా. దాన్ని టోర్నమెంటు పొద్దున కాదు, నెల ముందే సరిచేయించుకోండి. జిల్లా నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి జాతీయ పోటీలకు పోయే దారిలో అఖిల భారత చెస్ సమాఖ్య రిజిస్ట్రేషన్ కూడా అడుగుతారు. దానికీ ఇదే కాగితం.

మొదటి టోర్నమెంటుగా ఒకరోజులో అయిపోయే ర్యాపిడ్ పోటీకి పంపండి. మనిషికి పదిహేను నిమిషాలు, ఎత్తుకు పది సెకన్లు అదనం, ఇట్లాంటివి. పొద్దున పోతే చీకటి పడేలోపల ఇంటికొస్తారు. తొంభై నిమిషాలు, ఎత్తుకు ముప్పై సెకన్లు ఉండే క్లాసికల్ పోటీల్లో ఒక్కో ఆట మూడు నాలుగు గంటలు పోతుంది, రోజుకు రెండు ఆటల చొప్పున నాలుగైదు రోజులు సాగుతుంది. "కోనేరు హంపి పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ కాలేదా?" అంటారు కొందరు. అయింది, 2002లో. కానీ ఏడేళ్ల పిల్లోణ్ణి అనంతపురానికి మూడు గంటలు బస్సులో కూర్చోబెట్టి, అక్కడ ఇంకో నాలుగు గంటలు బోర్డు ముందు కూర్చోమంటే వానికి చెస్ మీద కాదు, మన మీద కోపమొస్తుంది.

రేటింగ్ గురించి నన్ను అందరికంటే ఎక్కువ సతాయిస్తారు, అందుకే లెక్క చెప్పేస్తా. ఫిడే అంటే అంతర్జాతీయ చెస్ సమాఖ్య, రేటింగ్ అంటే ఆటగాని బలానికి అది ఇచ్చే అంకె. ఆ రేటింగ్ రావాలంటే ముందే రేటింగ్ ఉన్నవాళ్లతో కనీసం ఐదు ఆటలు ఆడుండాలి. 2024 మార్చి నుంచి అడుగుమట్టం 1400 అయింది. అంతకంటే తక్కువ వస్తే లిస్టులో పేరే ఎక్కదు. వచ్చినాక కూడా పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు హెచ్చుతగ్గులు ఎక్కువ. తనంత రేటింగే ఉన్నోని మీద గెలిస్తే ఇరవై పాయింట్లు పెరుగుతాయి, ఓడితే ఇరవై పోతాయి. డ్రా అయితే ఉన్నది ఉన్నట్టే. ఐదు రోజుల పోటీలో వంద పాయింట్లు ఎగరడం, మళ్లీ పడడం మామూలే. పడిందని ఇంట్లో మాటలు బందు చేసిన తండ్రిని నేను చూసినా.

ముందురోజు సంచి సర్దేటప్పుడు రెండు పెన్నులు, నీళ్ల సీసా, అరటిపండ్లు, ఒక బొరుగుల పొట్లం పెట్టండి. పొద్దున్నే ఉగ్గాని బజ్జీ మాత్రం వద్దు. కర్నూలోడినై ఉండి ఈ మాట అనడం నాకే కష్టంగా ఉంది. కానీ రెండో రౌండుకు కండ్లు మూతపడేది మిరపకాయ బజ్జీ తిన్న పిల్లలకే. ఇడ్లీ చాలు. వారం ముందు ఎవరిదన్నా డిజిటల్ గడియారం అడిగి తెచ్చి దాంతో పది ఆటలు ఆడించండి. కొత్తపిల్లలు ఎత్తు వేసి గడియారం నొక్కడం మరిచిపోయి ఎదుటోని ఆలోచన కూడా తమ టైములోనే చేయనిస్తారు. పావు కదిపిన చేత్తోనే గడియారం నొక్కాలని కూడా అప్పుడే అలవాటవుతుంది.

హాల్లో ముట్టుకుంటే ఆడాల్సిందే. ఈ నియమం అందరికీ తెలుసు, అయినా దీంతోనే ఎక్కువమంది ఏడుస్తారు. పోయినేడు మా పిల్లల్లో ఒకమ్మి గుర్రంతో మంత్రిని కొట్టే ఎత్తు చూసింది. సంతోషంలో చేయి ముందుకు పోయి పక్కనున్న బిషప్‌ను పట్టుకుంది. (మా నాయన ఏనుగు, శకటు, మంత్రి అని నేర్పినాడు, ఈ పిల్లలు వాటినే రూక్, బిషప్, క్వీన్ అంటారు. నాకు రెండూ కలిసిపోయినాయి.) వెంటనే వదిలేసింది. ఎదుటి పిల్లోడు చేయి పైకెత్తినాడు, ఆర్బిటర్ వచ్చినాడు, బిషప్పే ఆడాల్సొచ్చింది. మరుసటి ఎత్తులో ఆ పిల్లోడు మంత్రిని పక్కకు జరుపుకున్నాడు. అప్పట్నుంచి నా క్లాసులో అందరూ ఆలోచించేటప్పుడు చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంటారు. చూసేవాళ్లకు నవ్వొస్తుంది, రానీ. పావు గడిలో వంకరగా ఉంటే ముందు "అడ్జస్ట్" అని చెప్పి సరిచేయాలి, అదీ తన వంతు వచ్చినప్పుడే. క్యాస్లింగ్ (రాజును, రూక్‌ను ఒకే ఎత్తులో జరపడం) చేసేటప్పుడు ముందు రాజునే పట్టాలి, ఒకే చేత్తో చేయాలి. రూక్‌ను ముందు ముట్టుకుంటే ఆ వైపు క్యాస్లింగ్ ఆ ఎత్తులో చేయనివ్వరు.

ఎదుటోడు తప్పు ఎత్తు వేస్తే, అంటే రాజు చెక్‌లో ఉన్నా చూడకుండా ఇంకోటి కదిపి గడియారం నొక్కితే, పిల్లోడు వానితో వాదం పెట్టుకోకూడదు. గడియారం ఆపి చేయెత్తాలి. క్లాసికల్లోనూ ర్యాపిడ్‌లోనూ మొదటిసారికి మనకు రెండు నిమిషాలు అదనంగా ఇస్తారు, ఇంకా వేగంగా ఆడే బ్లిట్జ్‌లో ఒక నిమిషం. అదే ఆటగాడు రెండోసారి చేస్తే ఆట ఓడినట్టే. మన పిల్లలు చేయెత్తడానికి సిగ్గుపడతారు. "ఆర్బిటర్ తిడతాడేమో" అని గుడ్లనీళ్లు కుక్కుకుని ఆడేస్తారు. తిట్టడు, పిలిస్తే రావడానికే ఆయన అక్కడ ఉండేదని నాలుగుసార్లు చెప్పి పంపండి.

క్లాసికల్లో ఎత్తులు రాయడం తప్పనిసరి. ముందు ఆడాలి, తర్వాత రాయాలి. రాసి ఆడడం నియమానికి విరుద్ధం, ఆర్బిటర్‌ను డ్రా అడిగేటప్పుడు తప్ప. ఆ డ్రా సంగతి కూడా చెప్తా. ఒకే స్థితి, ఒకే ఆటగాడి వంతుతో, మూడోసారి రాబోతుంటే ఆ ఎత్తు కాగితం మీద రాసి, బోర్డు మీద ఆడకుండా, గడియారం ఆపి ఆర్బిటర్‌ను పిలవాలి. వరసగా మూడుసార్లే రానక్కర్లేదు. ఆడేసి పిలిస్తే మన వంతు అయిపోయినట్టే. ఎదుటోణ్ణి డ్రా అడగాలంటే దానికి వేరే పద్ధతి. ఎత్తు వేసి, నోటితో అడిగి, అప్పుడు గడియారం నొక్కాలి.

ఆట అయినాక ఇంకో గండం ఉంది. ఫలితం రాసి ఇద్దరూ సంతకం పెట్టే చోట. మా దగ్గర ఒక తొమ్మిదేళ్లోడు మేట్ చేసినాడు, అంటే ఎదుటి రాజును కట్టేసి గెలిచినాడు. ఎదుటి పిల్లోడు పెద్దోడు, వాడే కాగితం తీసుకుని రాసినాడు. మావాడు చూడకుండా సంతకం గీకి పరుగెత్తుకుంటా బయటికొచ్చి "అన్నా, గెలిచినా" అన్నాడు. నోటీసు బోర్డు మీద అంటించిన ఫలితాల్లో వాడు ఓడినట్టుంది. కావాలని చేసినారా, పొరపాటా నాకు తెలీదు. ఆర్బిటర్ దగ్గరికి పోయి ఎత్తులు తిరిగి పేర్చి చూపిస్తే సరిచేసినారు, కానీ మావాడు ఎత్తులు రాసుండబట్టి బతికిపోయినాడు. తెలుపు గెలిస్తే 1-0, నలుపు గెలిస్తే 0-1 అని పిల్లోనితో పదిసార్లు రాయించండి.

ఓపెనింగులు (ఆట మొదట్లో వేసే ఎత్తుల వరసలు) బట్టీ పట్టించడానికి డబ్బులు పోసే తల్లిదండ్రులకు నాదొక మనవి. ఉత్త రాజు మీద మంత్రితో మేట్, రూక్‌తో మేట్ ఒక్క నిమిషంలో చేయగలుగుతాడా చూడండి. మంత్రి చేతిలో ఉండి కూడా ఎదుటి రాజుకు కదిలే గడి లేకుండా, చెక్ కూడా లేకుండా చేసి, ఆట డ్రా అయ్యి, చేతిలో గెలుపు పోగొట్టుకునే పిల్లలు ప్రతి పోటీలో ఉంటారు. చిన్నపిల్లల తప్పులే అనుకోవద్దు. 2024 డిసెంబరులో సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయిన పద్నాలుగో ఆట చూడండి. గంటల తరబడి నిలబెట్టుకొచ్చిన అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్ 55వ ఎత్తులో రూక్‌ను తప్పు గడిలో పెట్టినాడు. పావులన్నీ మార్పిడయ్యి బంట్ల ఆటలో ఓడిపోయినాడు. ఎండ్‌గేమ్, అంటే పావులు తగ్గినాక ఆడే ఆఖరి దశ, అంత గట్టిది.

జతలు ఎట్లా వేస్తారో తెలీక గొడవపడే పెద్దోళ్లు ఉంటారు. దాన్ని స్విస్ పద్ధతి అంటారు. అరవైమంది ఉంటే రేటింగ్ వరసలో పేర్లు రాసి, మొదటి రౌండులో 1వ వానికి 31వ వాణ్ణి, 2వ వానికి 32వ వాణ్ణి వేస్తారు. రేటింగ్ లేని మీ పిల్లోడు కింద సగంలో ఉంటాడు కాబట్టి మొదటి ఆటే గట్టివానితో పడుతుంది. ఎవరూ కక్షకట్టి వేసింది కాదు. ఆ తర్వాత సమాన పాయింట్లు ఉన్నవాళ్లతో ఆడుతూ పోతారు, ఆడినవాళ్లతో మళ్లీ ఆడరు, ఓడినా ఎవర్నీ ఇంటికి పంపరు. అందుకే రెండు ఓడంగానే పిల్లోణ్ణి బస్సెక్కించొద్దు. మూడో రౌండులో వానంత వాడే ఎదురవుతాడు.

ఇంక ఫోను. ఇది నా సొంత కథ. చాలా ఏండ్ల కింద అనంతపురంలో ఒక పోటీలో ఆఖరి రౌండు. నాకు రెండు బంట్లు ఎక్కువ, పది ఎత్తుల్లో ఆట ముగుస్తుంది. జేబులో ఫోను మోగింది. షాపు కుర్రోడు, టోనర్ యాడుందని అడగడానికి. ఆర్బిటర్ ఏం మాట్లాడలేదు, గడియారం ఆపినాడు, అంతే. ఇప్పుడైతే మోగనక్కర్లేదు, ఒంటి మీద ఉందని తేలితేనే ఆట పోతుంది. పిల్లల చేతికి కట్టే స్మార్ట్ వాచీ కూడా ఇంట్లోనే తీసేసి పంపండి.

రౌండు అయ్యి బయటికొచ్చిన పిల్లోణ్ణి "ఏమైంది?" అని అడగద్దు. మొహంలో కనపడుతుంది గదా. నీళ్లియ్యండి, అరటిపండియ్యండి. ఆ ఎత్తు ఎందుకు వేసినావని తర్వాతి రౌండుకు ముందు అస్సలు అడగద్దు. రెండు రోజులాగి, ఎత్తులు రాసిన కాగితం ముందర పెట్టుకుని, కంప్యూటర్ పెట్టకుండా, "ఇక్కడ ఏమనుకున్నావు?" అని వానితోనే చెప్పించండి. అది అయినాక ఇంజిన్ (ఎత్తులు లెక్కేసే కంప్యూటర్ ప్రోగ్రాం) పెట్టుకోండి.

ఆ కాగితాలు పారేయొద్దు. మా మిద్దె గదిలో ఒక పిల్లది మూడేండ్ల ఆటలన్నీ ఫైల్లో ఉన్నాయి. మొదటి పేజీల్లో సగం ఎత్తులు తప్పు గడుల్లో రాసుంటుంది, ఇప్పుడు చూసి తనే నవ్వుకుంటుంది. ఫైలు లేకపోతే కింద షాపులో ఉంది, ఇరవై రూపాయలు. టోర్నమెంటుకు పోయేవాళ్లకు పదిహేనుకే ఇస్తా.