షెల్‌లో ఉన్న వేరియబుల్ అప్లికేషన్‌కు ఎందుకు అందదు: సమస్య - పరిష్కారం

లక్షణం: లినక్స్ టెర్మినల్‌లో ఎకో (echo) కొడితే వేరియబుల్ (పాస్‌వర్డ్ లాంటి సెట్టింగును ఒక పేరుతో దాచుకునేది) విలువ చక్కగా వస్తుంది. అప్లికేషన్ మాత్రం ఆ వేరియబుల్ లేనే లేదంటుంది.

ముందు ఎకోను నమ్మడం మానండి. ఎక్స్‌పోర్ట్ (export, షెల్ మొదలుపెట్టే ప్రోగ్రాములకూ అందేలా) చేయని వేరియబుల్‌ను కూడా అది చూపిస్తుంది, ఎందుకంటే ఆ విలువను అక్కడ పెట్టేది షెల్లే, అంటే టెర్మినల్‌లో మీ ఆదేశాలు చదివి నడిపే ప్రోగ్రామే. ప్రింట్‌ఎన్వ్ (printenv) ఆదేశం పక్కన వేరియబుల్ పేరు ఇచ్చి చూడండి. అది వేరే ప్రోగ్రాము కాబట్టి, మీ అప్లికేషన్‌కు అందేదే దానికీ అందుతుంది. ఖాళీగా వస్తే ఎక్స్‌పోర్ట్ చేయలేదన్నమాట. క్షణం పట్టే ఈ పరీక్ష వదిలేసి అప్లికేషన్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తుంటారు. దయచేసి ముందు ఇది చూడండి.

వేరియబుల్స్‌ను ఒక స్క్రిప్టులో రాసి దాన్ని విడిగా నడిపితే అవి ఆ స్క్రిప్టుతోనే పోతాయి. సోర్స్ (source) చేయాలి, అంటే ఆ వరుసలను ఇప్పుడున్న షెల్‌లోనే నడిపించాలి.

లక్షణం: చేత్తో నడిపితే పనిచేస్తుంది, సర్వీసుగా (మెషీన్‌తో పాటు దానంతట అదే మొదలయ్యేలా) నడిపితే పనిచేయదు.

అసలు మోసం ఇక్కడుంది. పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి బిల్లింగ్ సర్వర్ నెలల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. తుపాను గాలికి కరెంటు పోయి వచ్చాక మాత్రం బిల్లు రాలేదు. డేటాబేస్ పాడైందని పాత బ్యాకప్ ఎక్కించబోయారు. ఎక్కించి ఉంటే మంచి లెక్కలు చెరిగిపోయేవి. డేటాబేస్‌కు ఏమీ కాలేదు. అంతకుముందు ఎవరో లాగిన్ అయి టెర్మినల్ నుంచి అప్లికేషన్‌ను మొదలుపెట్టారు, పాస్‌వర్డ్ వాళ్ల బాష్‌ఆర్‌సీ (.bashrc, టెర్మినల్ తెరిచినప్పుడు షెల్ చదివే ఫైలు) నుంచి అందింది. కరెంటు వచ్చాక అప్లికేషన్‌ను లేపింది సిస్టమ్‌డీ (systemd), లినక్స్‌లో సర్వీసులను నడిపేది. సిస్టమ్‌డీ ఎవరి బాష్‌ఆర్‌సీనీ చదవదు.

ఈ సంగతి తెలిసినవాళ్లు కూడా మళ్లీ ఇందులోనే పడతారు. సర్వీసు నడిపే స్క్రిప్టులో బాష్‌ఆర్‌సీని సోర్స్ చేసి, ఇక సరిపోయిందనుకుంటారు. ఉబుంటు ఇచ్చే బాష్‌ఆర్‌సీని తెరిచి మొదటి వరుసలు చదవండి: ఎదురుగా మనిషి కూర్చుని టైప్ చేసే షెల్ కాకపోతే అక్కడి నుంచే వెనక్కి తిరిగిపొమ్మని రాసి ఉంటుంది. మీరు ఫైలు చివర చేర్చిన ఎక్స్‌పోర్ట్ దాకా అది రానే రాదు. ఎర్రర్ కూడా చూపించదు.

పరిష్కారం: సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో (systemctl edit) సర్వీసుకు అదనపు సెట్టింగుల ఫైలు తెరిచి, సర్వీస్ విభాగంలో ([Service]) ఎన్విరాన్‌మెంట్‌ఫైల్ (EnvironmentFile) వరుస చేర్చి, వేరియబుల్స్ రాసిన ఫైలు ఎక్కడుందో అందులో చెప్పండి. ఆ వేరియబుల్స్ ఫైలు రూట్ పేరున, 600 అనుమతితో (యజమాని మాత్రమే చదివి రాయగలిగేలా) ఉండాలి. అందులో ఎక్స్‌పోర్ట్ అన్న మాట రాయకూడదు. పేరు, ఈక్వల్ గుర్తు, విలువ, అంతే. డాలర్ గుర్తుతో ఇంకో వేరియబుల్ విలువ తెచ్చుకోవడం అక్కడ కుదరదు. తర్వాత సిస్టమ్‌సీటీఎల్‌తోనే డీమన్-రీలోడ్ (daemon-reload), ఆపైన సర్వీసు రీస్టార్ట్. నడుస్తున్న ప్రాసెస్‌కు కొత్త విలువ దానంతట అది చేరదు.

అందిందో లేదో ప్రాసెస్‌నే అడగండి. ప్రాక్ (/proc) డైరెక్టరీలో ఆ ప్రాసెస్ నంబరు కింద ఎన్విరాన్ (environ) అనే ఫైలు ఉంటుంది. మొదలైనప్పుడు దానికి ఏమేమి అందాయో అందులో ఉంటాయి. విలువల మధ్య సున్నా బైట్లు ఉంటాయి కాబట్టి టీఆర్ (tr) ఆదేశంతో వాటిని కొత్త వరుసలుగా మార్చి చదవండి. అక్కడ పేరు కనిపిస్తే తప్పు అప్లికేషన్‌లో వెతకాలి, లేకపోతే బయట. ఆపైన మీరు అక్కడ ఉండగానే మెషీన్‌ను ఒకసారి రీబూట్ చేసి చూడండి. మన తీరంలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం.

మిగతావి అరుదు. సుడో (sudo, రూట్ అధికారంతో ఆదేశం నడిపేది) మామూలుగా మీ వేరియబుల్స్‌ను తుడిచేస్తుంది; కావలసినదాన్ని దాని సెట్టింగుల ఫైలు సుడోయర్స్‌లో ఎన్వ్‌-కీప్‌కు (env_keep) చేర్చండి. చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్‌కైతే (cron) దాని పనుల జాబితా అయిన క్రాన్‌ట్యాబ్ పైభాగంలోనే రాయండి. పేరు సరిగ్గా ఉండి, విలువ మాత్రం తప్పంటుంటే, ఫైలును విండోస్‌లో రాశారేమో చూడండి: క్యాట్‌కు పెద్ద ఏ ఆప్షన్ (cat -A) ఇస్తే వరుస చివర టోపీ గుర్తు, ఎమ్ కనిపిస్తాయి. డాస్‌టుయూనిక్స్ (dos2unix) నడిపితే పోతాయి.