ఆపత్కాలానికి పాత వాహనం: లక్షణం చూసి జబ్బు కనిపెట్టడం ఎలా?

వరద ముంచుకొచ్చినప్పుడు, తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు, రోజుల తరబడి కరెంటు లేనప్పుడు ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని బయలుదేరడానికి ఒక పాత వాహనాన్ని సిద్ధంగా ఉంచుకోవాలని చాలామంది అనుకుంటారు. మంచి ఆలోచనే. కానీ పాతది అయినంత మాత్రాన అది నమ్మకమైనది కాదు. పాత వాహనంలో ఉన్న మేలు ఒక్కటే. దాని జబ్బు కంటికి కనిపిస్తుంది, చెవికి వినిపిస్తుంది, ముక్కుకు తెలుస్తుంది. నాలుగు పానాలు, కరెంటు కొలిచే ఒక మల్టీమీటర్ ఉంటే చాలావరకు దారిలోనే బాగుచేసుకోవచ్చు. ఆ మేలు మనకు దక్కాలంటే ఏ లక్షణం చిన్న ఖర్చుతో పోతుందో, ఏది కనబడగానే కొనకుండా వెనక్కి తిరగాలో ముందే తెలిసి ఉండాలి.

వాహనాన్ని చూడటానికి వెళ్లినప్పుడు మొదట బోనెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే, మీరు రాకముందే ఇంజిన్‌ను నడిపారని అర్థం. చల్లారిన ఇంజిన్ మొదటిసారి స్టార్ట్ అయ్యే అర నిమిషంలో బయటపడే నిజాలు ఆ తర్వాత గంటసేపు నడిపినా బయటపడవు. అలాంటప్పుడు మరో రోజు వస్తానని చెప్పి వచ్చేయడమే మంచిది.

తాళం తిప్పితే టిక్ టిక్ మంటుంది, ఇంజిన్ తిరగదు

వాహనం ఇలా మొరాయిస్తే ముందు బ్యాటరీనే అనుమానించాలి. కొన్ని గంటలు కదలకుండా ఉన్న వాహనంలో బ్యాటరీ వోల్టేజీ కొలవండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్లు, 12.2 అంటే దాదాపు సగం, 12 కంటే తక్కువైతే ఖాళీ కావస్తున్నట్లు. వోల్టేజీ బాగానే ఉండి కూడా సెల్ఫ్ తిరగకపోతే టర్మినల్స్ చూడండి. తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడిని వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, తీగ బ్రష్‌తో రుద్ది బిగించాలి. ఇంజిన్‌ను బాడీకి కలిపే ఎర్త్ తీగను చాలామంది మరచిపోతారు. అది తుప్పు పట్టి ఉంటే కొత్త బ్యాటరీ వేసినా ఫలితం ఉండదు.

ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టుల వరకు కనిపించాలి. కనిపించకపోతే బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ గానీ, దాని బెల్టు గానీ పాడైంది. ఇవన్నీ సరిగా ఉన్నా రెండు వారాలు నిలబెడితే బ్యాటరీ చచ్చిపోతోందా? అయితే వాహనం ఆపి ఉన్నప్పుడు కూడా ఏదో కరెంటు తాగుతోంది. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, మధ్యలో మల్టీమీటర్‌ను ఆంపియర్ల మీద పెట్టి చూడండి. 50 మిల్లీఆంపియర్లు మించితే ఫ్యూజులు ఒక్కొక్కటిగా తీస్తూ, ఏది తీస్తే ఆ సంఖ్య పడిపోతుందో కనిపెట్టాలి. ఎక్కువసార్లు దొరికే దొంగ తర్వాత ఎవరో బిగించిన అలారం గానీ, మ్యూజిక్ సిస్టం గానీ అయి ఉంటుంది. ఆపత్కాలం కోసం ఉంచుకునే వాహనానికి బ్యాటరీ దగ్గర ఒక కటాఫ్ స్విచ్ పెట్టించడం నా దృష్టిలో తప్పనిసరి.

ఈ సందర్భంలోనే ఒక మాట. గేరు చేత్తో మార్చే వాహనాన్నే ఎంచుకోండి. సెల్ఫ్ మోటారు కాలిపోయినా, బ్యాటరీ నీరసించినా, రెండో గేరులో పెట్టి ఇద్దరు మనుషులు తోస్తే అది లేస్తుంది. ఆటోమేటిక్ గేరు ఉన్న వాహనాలలో దాదాపు అన్నింటికీ ఈ దారి లేదు.

సైలెన్సర్ నుంచి పొగ వస్తుంది

రంగు చూడండి. నల్లపొగ అంటే ఇంధనం ఎక్కువ, గాలి తక్కువ. మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, సర్దుబాటు తప్పిన కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం), డీజిల్ బండిలో అరిగిన ఇంజెక్టర్లు దీనికి కారణాలు. వీటికి భయపడనక్కర్లేదు.

నీలిపొగ అంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. చల్లటి ఇంజిన్ లేచినప్పుడు ఒక్కసారి కనిపించి పోతే వాల్వ్ సీళ్లు గట్టిపడ్డాయి. దానితో చాలాకాలం బతకొచ్చు, ఆయిల్ చూసుకుంటూ ఉంటే చాలు. యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ నీలంగా వస్తుంటే పిస్టన్ రింగులు అరిగాయని అనుమానించాలి. నిర్ధారించుకోవడానికి సిలిండర్లలో ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ పరీక్ష చేయించండి. తక్కువ చూపిన సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే, సంఖ్య పెరిగితే తప్పు రింగులది, పెరగకపోతే వాల్వులదో, సిలిండర్లకూ పైమూతకూ మధ్య ఉండే హెడ్ గాస్కెట్‌దో. రింగులు అరిగిన ఇంజిన్‌ను ఆపత్కాలం కోసం కొనవద్దు.

తెల్లపొగ విషయంలో తొందరపడకూడదు. చల్లటి ఉదయం కనిపించేది ఆవిరి, ఇంజిన్ వేడెక్కాక పోతుంది. వేడెక్కాక కూడా పోకుండా, తియ్యటి వాసన వస్తుంటే ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ కాలుతోంది, అంటే హెడ్ గాస్కెట్ పోయింది. ఆయిల్ కడ్డీ తీసి చూడండి. పాలు కలిపినట్లు చిక్కగా, లేతరంగులో కనిపిస్తే ఇక బేరమాడకుండా వచ్చేయండి. డీజిల్ ఇంజిన్‌లో తెల్లపొగ కళ్లు మండేలా ఉంటే అది కాలని డీజిల్. స్టార్ట్ చేసేటప్పుడు సిలిండర్‌ను వేడిచేసే గ్లో ప్లగ్‌లు విప్పి మల్టీమీటర్‌తో కొలిస్తే, తెగిపోయినది వెంటనే తెలిసిపోతుంది.

కొంతదూరం పోగానే ఇంజిన్ వేడెక్కుతుంది

ఖరీదైన కారణాన్ని ఊహించే ముందు రేడియేటర్ మూత చూడండి. ఆ మూత ఒత్తిడిని పట్టి ఉంచడం వల్లే లోపలి నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. దాని రబ్బరు ఎండిపోతే అన్నీ బాగున్నా పొంగుతుంది. మూత మార్చినా తగ్గకపోతే, నీటిని రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్‌ను అనుమానించాలి. మీటరు ముల్లు పైకి పోతున్నా రేడియేటర్‌కు వెళ్లే పై గొట్టం చల్లగానే ఉంటే థర్మోస్టాట్ మూసుకుని ఇరుక్కుపోయినట్లు. వేగంగా పోతే చల్లగా ఉండి, ఆగితే వేడెక్కుతుంటే ఫ్యాన్ దోషం. వేగంగా పోయినప్పుడే వేడెక్కుతుంటే రేడియేటర్ లోపల పూడిపోయింది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్ట్ చేస్తే ఆగకుండా బుడగలు వస్తున్నాయా? మళ్లీ హెడ్ గాస్కెట్ దగ్గరికే వచ్చాం.

దారిలో వేడెక్కితే క్యాబిన్ హీటర్‌ను పూర్తిగా తెరవండి. కొంత వేడి లోపలికి వచ్చి ఇంజిన్‌కు ఊరట దొరుకుతుంది. వేడిగా ఉన్న రేడియేటర్ మూతను ఎట్టి పరిస్థితిలోనూ తెరవవద్దు. పైకి ఎగజిమ్మే నీరు ముఖాన్ని కాల్చేస్తుంది.

ఎండలో ఆగిపోతుంది, చల్లారాక మామూలుగా లేస్తుంది

కార్బొరేటర్ బండ్లలో ఇది పాత తగాదా. రెండు కారణాలు ఒకే లక్షణాన్ని చూపిస్తాయి కనుక ఆగిపోయిన క్షణంలోనే పరీక్షించాలి. ఒక స్పార్క్ ప్లగ్ విప్పి, తీగ తగిలించి, ఇంజిన్ లోహానికి ఆనించి సెల్ఫ్ తిప్పించండి. దగ్గర్లో పెట్రోలు ఒలికి ఉండకూడదు. నిప్పురవ్వ రాకపోతే, సాధారణంగా దానికి కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ వేడికి పనిచేయడం మానేసినట్లు, మార్చండి. నిప్పురవ్వ బలంగా వస్తుంటే పెట్రోలు గొట్టంలోనే ఆవిరై పంపుకు అందడం లేదు. తడిగుడ్డ పంపు మీద చుట్టి కాసేపు ఆగితే కదులుతుంది. శాశ్వత పరిష్కారం ఇంధన గొట్టాన్ని సైలెన్సర్ పైపుకు దూరంగా జరిపించడం.

మూడు నెలల క్రితం బాగానే నడిచింది, ఇప్పుడు లేచి ఆగిపోతోంది

ఆపత్కాలం కోసం దాచిన వాహనాలను ఎక్కువగా చంపేది ఇదే. నడపడం కంటే నిలబెట్టడమే వాటికి చేటు. పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే భాగం నెలల్లో తగ్గిపోతుంది, మిగిలినది గాలితో కలిసి జిగురుగా మారి కార్బొరేటర్ సన్నని రంధ్రాలను పూడ్చేస్తుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమను కూడా లాగుతుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతాయి, ఇంజిన్ మొదట పీల్చేది దాన్నే. పరిష్కారం: ట్యాంకు ఖాళీ చేసి, ఫిల్టర్ మార్చి, కార్బొరేటర్ విప్పి జెట్‌లు శుభ్రం చేసి కొత్త పెట్రోలు పోయడం. జెట్ రంధ్రాలలో తీగలు దూర్చవద్దు, కొలత మారిపోతుంది. గాలి ఒత్తిడితోనే ఊదాలి.

డీజిల్ ఇంతకంటే ఎక్కువకాలం నిలుస్తుంది. అయితే ట్యాంకు అడుగున నీరు చేరితే, నీరూ డీజిలూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిడ్డు ఫిల్టర్‌కు అడ్డుపడుతుంది. ఫిల్టర్ కింద ఉండే మర విప్పి నీరు వదిలేయడం అలవాటు చేసుకోండి.

ఏ ఇంధనమైనా ట్యాంకు నిండుగా ఉంచాలి. నెలకు రెండుసార్లు, ఇంజిన్ పూర్తిగా వేడెక్కే వరకు రోడ్డు మీద నడపాలి. ఇంటి ముందు అయిదు నిమిషాలు ఆన్ చేసి ఆపేస్తే బ్యాటరీ నిండదు, ఆయిల్‌లో చేరిన తేమా పోదు.

ఏ లక్షణమూ లేదు, అయినా భయపడాల్సినవి

వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపే టైమింగ్ బెల్టు తెగే ముందు చాలాసార్లు ఏ శబ్దమూ చేయదు. కొన్ని ఇంజిన్లలో అది తెగితే పిస్టన్లు వాల్వులను కొట్టి ఇంజిన్ అక్కడికక్కడే పాడవుతుంది. ఎప్పుడు మార్చారో రసీదు చూపించలేకపోతే, మార్చలేదనే లెక్క. కొనగానే మార్పించండి. బెల్టుకు బదులు చెయిన్ ఉన్న ఇంజిన్ దొరికితే ఈ బెడద తక్కువ.

టైరు అంచున డీఓటీ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. పదేళ్లు దాటిన టైరు కొత్తదానిలా మెరుస్తున్నా పనికిరాదు. స్టెప్నీ అంకెలూ చూడండి, బండితోపాటు వచ్చిన మొదటి టైరే ఇంకా అక్కడ ఉండవచ్చు.

ఛాసిస్ కిందికి దూరి, స్ప్రింగులు బిగించిన చోట స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. పైపైన తుప్పు అయితే గీకి రంగు వేయొచ్చు. స్క్రూడ్రైవర్ లోపలికి దిగితే ఆ వాహనాన్ని వదిలేయండి. కొత్తగా నల్లరంగు పూసిన ఛాసిస్‌ను ఇంకా ఎక్కువగా అనుమానించండి.

బ్రేకు, క్లచ్

బ్రేకు పెడల్ మెత్తగా ఉంటే గొట్టాల్లో గాలి ఉంది, తీయించాలి. తొక్కిపెడితే నెమ్మదిగా కిందికి జారిపోతుంటే మాస్టర్ సిలిండర్ పోయింది. బ్రేకు ఆయిల్ తేమను పీల్చుకుంటుంది కనుక బండి నడవకపోయినా రెండేళ్లకోసారి మార్చాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ హోరు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అరిగింది.

డాష్‌బోర్డులో దీపం వెలిగింది, ఏమి చేయాలో తెలియదు

ఏ కాలపు వాహనం కొనాలన్న ప్రశ్నకు నా జవాబు ఇక్కడే ఉంది. పూర్తిగా యాంత్రికమైన పంపు ఉన్న డీజిల్ ఇంజిన్‌కు కంప్యూటర్ అక్కర్లేదు. 1984 నుంచి తయారవుతున్న టయోటా ల్యాండ్ క్రూయిజర్ 70 శ్రేణిలో వాడిన 4.2 లీటర్ల 1హెచ్‌జెడ్ ఇంజిన్ అలాంటిదే. కార్లలో 1997లో మొదలైన, కంప్యూటర్ నడిపే అధిక ఒత్తిడి కామన్ రెయిల్ డీజిల్‌కు మురికి ఇంధనం గిట్టదు, దాని పంపును రోడ్డు పక్కన బాగుచేయడం సాధ్యం కాదు. పెట్రోలులో మాత్రం కార్బొరేటర్ కంటే తొలితరం ఫ్యూయల్ ఇంజెక్షన్‌నే నేను మేలంటాను. నెలల తరబడి నిలబెట్టినా అది తక్కువ గొడవ పెడుతుంది. కోడ్ చదివే చిన్న పరికరం కొనుక్కుంటే దీపం ఎందుకు వెలిగిందో చెబుతుంది. అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లన్నింటికీ ఆ పరికరాన్ని తగిలించే సాకెట్ ఒకే తీరులో ఉండాలన్న నిబంధన వచ్చింది.

అణు విస్ఫోటనం వల్ల పుట్టే విద్యుదయస్కాంత తరంగానికి (ఈఎంపీ) కొత్త కార్లన్నీ చచ్చిపోతాయని భయపడి పాతవి కొనేవారూ ఉన్నారు. అమెరికా ఈఎంపీ కమిషన్ 2008 నివేదిక ప్రకారం, 1986 నుంచి 2002 వరకు తయారైన 37 కార్లను పరీక్షిస్తే, ఆపి ఉంచిన వాటికి ఏమీ కాలేదు. నడుస్తున్న వాటిలో మూడింటి ఇంజిన్లు ఆగిపోయాయి. కాబట్టి ఆ భయంతో యాభై ఏళ్ల నాటి బండి కోసం వెతకనక్కర్లేదు. విడిభాగాలు సులభంగా దొరికే, లక్షల్లో అమ్ముడైన మోడల్ చూసుకోవడం ఎక్కువ అవసరం.

నీళ్లలో ఆగిపోయింది

మళ్లీ స్టార్ట్ చేయవద్దు. గాలి పీల్చే దారిలో నీరు సిలిండర్‌లోకి వెళ్లి ఉంటే, పిస్టన్ దాన్ని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. పెట్రోలు బండి అయితే బయటికి తోసి, స్పార్క్ ప్లగ్‌లన్నీ విప్పి, అప్పుడు సెల్ఫ్ తిప్పితే నీరు ఎగిరి బయటపడుతుంది. డీజిల్ అయితే గ్లో ప్లగ్‌లు గానీ ఇంజెక్టర్లు గానీ విప్పాలి. ఆయిల్‌లో నీరు కలిసిందేమో చూసి మార్చాకే నడపాలి. ప్రవహించే నీరు 30 సెంటీమీటర్ల లోతున్నా చాలా కార్లను తేల్చేస్తుంది, 60 సెంటీమీటర్లయితే పెద్ద జీపులను కూడా ఈడ్చుకుపోగలదు. లోతు తెలియని ప్రవాహం ఎదురైతే బండిని వెనక్కి తిప్పి మరో దారి పట్టండి. అందుకే ఆ రెండో దారిని, మూడో దారిని ఎండాకాలంలోనే ఒకసారి నడిపి చూసి, కాగితం మీద గీసి బండిలో ఉంచండి.