ఇంటి కూడికలో 83వ కీర్తన చదివించాలంటే

హన్మకొండలోనో కాజీపేటలోనో ఇంటి కూడికలో బైబిల్‌లోని 83వ కీర్తన, అంటే చుట్టుపక్కల జనాలు ఏకమై ఇశ్రాయేలు మీదికి వస్తుంటే దేవునికి పెట్టిన మొర, చెప్పే వంతు మీకొచ్చిందా? అయితే ముందు ఫోన్ పక్కన పెట్టండి. ఈ కీర్తన కోసం వెతికితే చాలా వీడియోలు ఇప్పటి దేశాల మ్యాప్ చూపించి, ఫలానా యుద్ధమే ఇది అని తేల్చేస్తాయి. అవి చూసి వెళ్తే కూడిక కాస్తా టీవీ డిబేట్ అవుతుంది, ప్రార్థనకు టైం మిగలదు.

ఉన్నవి 18 వచనాలే. ముగ్గురితో చదివించండి: 1–8 ఒకరు, 9–12 ఒకరు, మిగతాది ఇంకొకరు. మొదటి భాగం చదివేవాళ్లకు మాత్రం ముందురోజే చెప్పాలి, ఎందుకంటే ఎదోము, ఇష్మాయేలీయులు, మోయాబు, హగ్రీయులు, గెబలు, అమ్మోను, అమాలేకు, ఫిలిష్తీయులు, తూరు, అష్షూరు అని పది పేర్లు వరసగా వస్తాయి, హగ్రీయుల దగ్గర నాలుక తిరగలేదంటే పిల్లలు నవ్వడం మొదలుపెడతారు.

అసలు టైం పెట్టాల్సింది ఈ పేర్ల మీదే. ఒక చార్టు తీసుకుని మధ్యలో గుండ్రం గీయండి, అది ఇశ్రాయేలు. కుడివైపు అమ్మోను, మోయాబు, వాటి కింద ఎదోము, ఎడమవైపు సముద్రం ఒడ్డున ఫిలిష్తీయులు, పైన తూరు రాయండి. చుట్టూ ఎలా కమ్ముకున్నారో ఎవరూ చెప్పకుండానే కనబడుతుంది. ఇప్పుడు ఇంకో రంగు పెన్నుతో చుట్టరికాలు గీయండి. ఎదోము అంటే ఇశ్రాయేలీయుల మూలపురుషుడు యాకోబుకు అన్న అయిన ఏశావు సంతతి, అమాలేకు ఆ ఏశావు మనవడి పేరు, ఇష్మాయేలు యాకోబు తాత అబ్రాహాము కొడుకు, మోయాబు, అమ్మోను అబ్రాహాము సోదరుడి కొడుకు లోతు వంశం. అంటే పదిలో సగం దాయాదులే! మన ఊళ్లలో గెట్టు పంచాయితీ ఎవరితో వస్తుందో తెలిసినవాళ్లకు ఇక వివరించక్కర్లేదు.

ఇది ఎప్పటి సంగతని ఎవరైనా అడుగుతారు. ఈ పది కలిసి ఒక్కసారి దండెత్తినట్టు బైబిల్‌లో ఎక్కడా లేదు. యూదా రాజు యెహోషాపాతు కాలంలో మోయాబు, అమ్మోను కలిసి వచ్చాయి, అప్పుడు ధైర్యం చెప్పిన యహజీయేలు ఈ కీర్తన ఎవరి పేరు మీద ఉందో ఆ ఆసాపు సంతతివాడే, కానీ తూరు, అష్షూరు ఆ కథలో లేవు. ఇంతవరకు చెప్పి వదిలేయండి.

9–11లో పాత గెలుపులు గుర్తుచేసి వీళ్లకూ అలాగే చేయమంటాడు, త్వరగా దాటండి. కనాను సేనాపతి సీసెరాకు 900 ఇనుప రథాలున్నా కీషోను వాగు దగ్గర ఓడిపోయాడు, ఇశ్రాయేలు నాయకుడు గిద్యోను 300 మందితో మిద్యాను సైన్యాన్ని తరిమాడు, చాలు. సీసెరాను మేకు దిగ్గొట్టి చంపిన యాయేలు అనే ఆవిడ కథ ఎత్తుకున్నారంటే ఆ రాత్రికి అదే.

12 దగ్గర ఆగండి. శత్రువులు ఆక్రమించుకుందామన్నది దేవుని స్థలాలనట, కీర్తనకారుడు ఎక్కడా "మా భూమి" అనడు. సరిగ్గా ఇక్కడే ఎవరో ఒకరు "అన్నా, మన సమాధుల స్థలం కూడా కబ్జా చేస్తున్నరు కదా" అంటారు. అననివ్వండి, అడ్డుపడొద్దు. సర్వేకు అర్జీ పెట్టడం, కాగితాలు పట్టుకుని ఎమ్మార్వో ఆఫీసుకు పోవడం మరుసటి రోజు పని, దానికి ఎవరెవరు పోతారో అక్కడే రాసుకోండి. ప్రార్థనలో మాత్రం వాడకట్టులో వాళ్ల పేర్లు ఎత్తొద్దు, తెల్లారేసరికి వాళ్ల చెవిన పడుతుంది, ఉన్న గొడవ రెండింతలవుతుంది.

13 నుంచి కోపం మండిపోతుంది: గాలికి ఎగిరే పొట్టులా చేయమంటాడు, అడవిని కాల్చే మంటలా తరమమంటాడు. దీన్ని మెత్తగా చేసి చెప్పకండి, ఏడుపులో ఇలాంటి మాటలు వస్తాయి, ఆయన వాటిని దేవుడితోనే అన్నాడు, పోయి ఎవరి ఇల్లూ తగలబెట్టలేదు. 16లో వాళ్లు సిగ్గుపడి నీ పేరును వెతకాలంటాడు, వెంటనే 17లో నశించిపోవాలంటాడు. రెండూ చదివించండి, ఒకటి నచ్చిందని ఇంకోటి దాటేయొద్దు. స్థలం గొడవలో నలుగుతున్న మనిషితో 16 చెప్పించాలని పట్టుబట్టకండి, ఆ ప్రార్థన ఆ రోజుకు ఇంకెవరైనా చేయొచ్చు.

చాయ్ ప్రార్థన అయ్యాకే ఇప్పించండి. ముందే ఇస్తే గెట్టు పంచాయితీ మళ్లీ మొదటి నుంచి.