అల్లరి పిల్లల కథను శిక్ష దగ్గరే ఆపేయకండి

కథలో మొండి పిల్లాడికి శిక్ష పడగానే పక్కనున్న మన పిల్లాడి వైపు తిరిగి "చూసినవా, నువ్వు గూడ గట్లనే చేస్తవు" అనడం మా హన్మకొండ ఇళ్లల్లో మామూలే. ముందు అది మానేయండి. ఆ మాట పడ్డాక వాడికి కథ చెవికెక్కదు.

ఏ పుస్తకమైనా ముందు మీరొక్కరే చదవండి, ఎందుకంటే పాత కథల్లో కొన్ని నిజంగా భయంకరంగా ఉంటాయి. 1845లో జర్మనీలో హైన్‌రిష్ హాఫ్‌మన్ అనే డాక్టర్ వేసిన పిల్లల పుస్తకంలో, వేలు చీకే పిల్లాడి బొటనవేళ్లను దర్జీ వచ్చి కత్తెరతో కత్తిరించేస్తాడు, సూప్ వద్దన్న పిల్లాడు ఐదో రోజుకు చచ్చిపోతాడు. నాలుగేళ్ల పిల్లకు ఇది వద్దే వద్దు.

పినోకియో సంగతి చూడండి. ఇటలీ రచయిత కార్లో కొల్లోడి 1881లో సీరియల్‌గా రాస్తూ, మొదట పినోకియో అనే ఆ కొయ్యబొమ్మను చెట్టుకు ఉరితీయించి కథ ముగించేశాడు. పాఠకులు ఊరుకోలేదు, కథ మళ్లీ సాగింది, 1883లో పుస్తకంగా వచ్చింది. ఆ సాగిన భాగంలోనే, చివర్లో, జబ్బుపడ్డ తండ్రికి గ్లాసుడు పాల కోసం పినోకియో రోజూ నీళ్లు తోడతాడు, బుట్టలల్లుతాడు. మనం అబద్ధమాడితే వాడి ముక్కు పెరిగిన సంగతే పదిసార్లు చెప్తాం, ఇది ఒక్కసారీ చెప్పం. చదివేటప్పుడు ఇక్కడ నెమ్మదించండి.

'నాన్నా పులి' కథకైతే పులి నిజంగా రాకముందే ఆగి "వాడు అబద్ధం ఎందుకు ఆడిండు?" అని అడిగి, జవాబు మీరే చెప్పేయకుండా ఆగండి. పొద్దంతా ఒక్కడే గొర్లు కాస్తే తోచదు కదా అని పిల్లలే పట్టేస్తారు. తర్వాత, పులి వచ్చిపోయిన మర్నాడు వాడు నాన్నతో ఏమంటాడో వాళ్లతోనే చెప్పించండి, కథలో లేకపోయినా సరే, నాకైతే అసలు పాఠం అక్కడే ఉందనిపిస్తుంది.

దసరా సెలవులకు ఊరికెళ్తే అవ్వ పులి పిల్లాణ్ణి తినేసిందనే ముగిస్తుంది. పిల్లల ముందు ఆమె మాట కొట్టేయకండి, "అత్తమ్మా, తినకపోతే వాడు ఇంటికొచ్చి ఏం జేస్తుండె?" అని అడగండి, ఆమే ఇంకో కథ అల్లుతుంది.

ఇంకోటి, పిల్లాడు అబద్ధమాడి దొరికిన రోజు రాత్రి మాత్రం అబద్ధాల కథ తీయకండి. ఆ తప్పు గురించి పగలే నేరుగా మాట్లాడి, రాత్రికి నవ్వొచ్చే కథేదైనా చదవండి.