కడియం మొక్కలు తెప్పించుకోవడానికి లారీలో చోటు పంచుకోవడం ఎలా

యాభై అరవై మొక్కల కోసం కడియం నుంచి హైదరాబాద్‌కి లారీ మొత్తం మాట్లాడుకుంటే మొక్కల ఖరీదు కన్నా కిరాయే ఎక్కువైపోతుంది. అందుకని బేరం అయిపోయాక నర్సరీ వాళ్లనే అడగండి, హైదరాబాద్ లోడ్ ఎప్పుడు వెళ్తోంది, అందులో నా మొక్కలకి చోటుంటుందా అని. కడియం పక్కనున్న కడియపులంక, వేమగిరి చుట్టుపక్కల అన్నీ నర్సరీలే. మీది చిన్న ఆర్డరైనా, రెండు మూడు రోజులు ఆగుతానంటే ఎవరో ఒకరి లోడ్‌లో కలిపేస్తారు. వేసవిలో మాత్రం వద్దు, దారిలోనే వాడిపోతాయి.

కిరాయి మొక్కకి ఇంత అంటే వెంటనే తలూపకండి. చిన్న కవర్లలోవి దగ్గర దగ్గరగా ఇరుకుతాయి, పదడుగుల పామ్ మొక్క పడుకోబెడితే ఒక్కటే బోలెడంత చోటు తినేస్తుంది. లారీలో ఎన్ని అడుగులు మీ మొక్కలకి పోతుందో అడిగి ఆ లెక్కన మాట్లాడుకోండి. లోడింగ్, దించే కూలి అందులోనే ఉందా, విడిగా ఇవ్వాలా అన్నదీ అప్పుడే తేల్చుకోవాలి, గొడవలన్నీ అక్కడే వస్తాయి.

నీళ్ల సంగతి చాలామంది పట్టించుకోరు. లోడ్ చేసే ముందు తడిపేస్తే బరువు పెరుగుతుంది, మరీ ఎండబెడితే కుదుపులకి వేళ్ల చుట్టూ ఉన్న మట్టిగడ్డ విడిపోతుంది. ముందురోజు సాయంత్రం పెట్టమనండి, చాలు.

పక్కవాళ్లవీ మందారాలే, మీవీ మందారాలే అయితే దించేటప్పుడు ఎవరివి ఎవరివో తెలియదు. ప్రతి మొక్క మొదలు దగ్గర ఒకే రంగు గుడ్డపీలిక కట్టించండి, రకాలవారీగా లెక్క రాయించి ఫొటో తెప్పించుకోండి. ముందు దిగే మొక్కలు చివర ఎక్కాలి, లేదంటే మీవి తీయడానికి పైవాళ్లవన్నీ రోడ్డు మీదకి దించాల్సి వస్తుంది.

మొక్కలకి జీఎస్టీ లేదు, ఈ-వే బిల్లూ (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం) అక్కర్లేదు. ప్లాస్టిక్, సిమెంట్ లాంటి పన్ను పడే కుండీలు కూడా వేయించుకుంటే, వాటి విలువ పన్నుతో కలిపి 50,000 రూపాయలు దాటితే మాత్రం కావాలి.

పెద్ద లారీలని పగలు సిటీలోకి రానివ్వరు. విజయవాడ రోడ్డు మీద పెద్ద అంబర్‌పేట్ దగ్గర దించుకుని అక్కడి నుంచి ట్రాలీ ఆటో మాట్లాడుకుంటే సుఖం. కొమ్మ విరిగితే పోనీ, మళ్లీ చిగురేస్తుంది. మట్టిగడ్డ పగిలినవి మాత్రం విడిగా పెట్టి, అక్కడే ఫొటో తీసి నర్సరీకి పంపి, లెక్క సరిపోయాకే మిగతా కిరాయి ఇవ్వండి.